శిక్ష కాదంటూ వేసిన తాళం

అనైతిక వ్యాపార నిరోధక చట్టాన్ని మన పత్రికలు పీటా అని పొట్టిగా రాస్తాయి. అందులోని రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదివితే వింత లెక్క ఒకటి కనిపిస్తుంది. బహిరంగ ప్రదేశంలో విటులను పిలిచిందన్న నేరానికి, ఎనిమిదో సెక్షన్ కింద, మొదటిసారి దోషిగా తేలిన మహిళకు గరిష్ఠంగా ఆరు నెలల జైలు. అదే సెక్షన్ కింద మగవాడు దోషి అయితే ఏడు రోజులకు తగ్గకుండా, మూడు నెలలకు మించకుండా. తేడా అక్కడితో ఆగదు. 10ఏ సెక్షన్ ప్రకారం మహిళను జైలుకు బదులు దిద్దుబాటు సంస్థకు పంపే అధికారం న్యాయస్థానానికి ఉంది. అక్కడ కనిష్ఠ గడువు రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. శిక్ష వేస్తే ఆరు నెలలు, దయ తలిస్తే రెండేళ్లు! మగవాడి మీద ఈ దయ ప్రసరించదు.

ఇది చట్టం రాసినవారి పరధ్యానంలో దొర్లిన పొరపాటు కాదు. నేరానికి శిక్ష వేసేటప్పుడు ఏదో ఒక కొలత ఉంటుంది: ఏం దొంగిలించారు, ఎవరిని కొట్టారు, ఇది ఎన్నోసారి. ‘చెడిపోయిన పిల్లను బాగుచేయడం’ అనే పనికి ఆ కొలత లేదు. బాగుపడిందో లేదో తేల్చేది గృహాన్ని నడిపే మేట్రనో, మేజిస్ట్రేటో, కన్నతండ్రో కనుక గడువు వారి చేతిలోనే ఉంటుంది. యూరప్‌లో, అమెరికాలో శ్రామిక కుటుంబాల యువతుల కోసం వెలసిన సంస్కరణ గృహాలు ఈ పునాది మీదే నిలిచాయి. మన స్టేట్ హోమ్‌లు, రక్షణ గృహాలు వాటి దూరపు చుట్టాలే. ఇంటిల్లిపాదీ కూలికి వలస వెళ్లే పాలమూరు, నల్లగొండ పల్లెలకు ఆ నమూనా ఎందుకు పొసగలేదో గ్రహించాలంటే ముందు దాని పుట్టుక చూడాలి.

వడికే ఇల్లు, ఉతికే ఇల్లు

ఆమ్‌స్టర్‌డాం నగర పాలకులు 1596లో మగవారి కోసం రంగు చెక్కను పొడి చేయించే కారాగారం పెట్టారు. మరుసటి ఏడు, 1597లో, ఆడవారికి వేరుగా వడికే ఇల్లు తెరిచారు. బిచ్చమెత్తేవారు, చిల్లర దొంగలు, వేశ్యలు, తల్లిదండ్రుల మాట వినని కూతుళ్లు అందరూ ఒకే కప్పు కింద. నూలు వడకడమే అక్కడ సంస్కరణ. నగరం చూడవచ్చిన యాత్రికులు డబ్బు చెల్లించి లోపలి ఆడవారిని కూడా చూసిపోయేవారు.

లండన్‌లో 1758లో రాబర్ట్ డింగ్లే, జోనాస్ హాన్వే వంటి వర్తకులు మాగ్డలీన్ హాస్పిటల్‌ను స్థాపించారు. పేరుకే హాస్పిటల్, అక్కడ జరిగేది కుట్టుపని, ప్రార్థన, పశ్చాత్తాపం. ఆదివారం ప్రార్థనకు పెద్దింటివారు వచ్చి, తెర చాటున పాడే అమ్మాయిల గొంతులు విని, చందా వేసి వెళ్లేవారు. పశ్చాత్తాపం పూర్తయిన అమ్మాయి ఎక్కడికి వెళ్లేది? చాలావరకు ఏదో ఒక ఇంటికి పనిమనిషిగా. అక్కడికి చేరినవారిలో ఎందరో అంతకుముందు చేసిందీ ఇంటిపనే. యజమాని ఇంట మోసపోయి వీధిన పడ్డవారిని అలాంటి మరో ఇంటికి పంపి, దానికి పునరావాసమని పేరు పెట్టారు.

ఈ పద్ధతి ఐర్లాండ్‌లో ఎక్కువ కాలం బతికింది, ఎక్కువ క్రూరంగా కూడా. డబ్లిన్‌లో మొదటి ఆశ్రమం 1767లో తెరుచుకుంది. తర్వాతి శతాబ్దంలో క్యాథలిక్ సన్యాసినుల సంఘాలు వీటిని పెద్ద చాకిరేవులుగా మార్చాయి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, సంపన్నుల బట్టలు అక్కడికి వచ్చేవి. ఉతికినవారికి కూలి లేదు. చాలామందికి సొంత పేరు తీసేసి మరో పేరు పెట్టారు. అందరూ ‘పడిపోయిన’ స్త్రీలేనా అంటే అదీ కాదు. పెళ్లి కాకుండా తల్లులైనవారు, అనాథ బడుల్లో పెరిగి వయసు మీరినవారు, ఇంట్లో అత్యాచారానికి గురైనవారు, చిన్న దొంగతనం చేసి కోర్టు నుంచి వచ్చినవారు ఉన్నారు. 1922లో దేశం స్వతంత్రమైన తర్వాతే పదివేల మందికి పైగా మహిళలు ఆ గోడల మధ్యకు వెళ్లారు. 1993లో డబ్లిన్‌లోని హై పార్క్ అనే చోట సన్యాసినులు భూమి అమ్ముకోవడానికి శ్మశానం తవ్విస్తే 155 మంది అవశేషాలు బయటపడ్డాయి; వారిలో చాలామందికి మరణ ధ్రువపత్రాలే లేవు. చివరి లాండ్రీ 1996లో మూతపడింది. ప్రధాని ఎండా కెన్నీ 2013 ఫిబ్రవరిలో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఇళ్లలోకి వాషింగ్ మెషీన్లు వచ్చి గిరాకీ పడిపోయాకే ఆ తలుపులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయన్న మాట ఉంది. అందులో చేదు నిజం లేకపోలేదు.

అమెరికా మార్గం పైకి ఇంతకంటే మెత్తగా కనిపిస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రం 1856లో లాంకాస్టర్‌లో బాలికల పారిశ్రామిక పాఠశాల పెట్టింది. ఆ దేశంలో ఆడపిల్లల కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వం నడిపిన మొదటి సంస్కరణ పాఠశాల ఇదే. జైలు గదులు లేవు. చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో ఇంటికి తల్లిలాంటి మేట్రను. పిల్లల్లో చాలామంది మీద మోపిన అభియోగం దొంగతనం కాదు, మొండితనం. వలస వచ్చి మిల్లుల్లో, ఇళ్లలో పనిచేసే పేద తల్లిదండ్రులే పిల్ల చేయి దాటిపోతోందని తీసుకొచ్చి అప్పగించిన సందర్భాలు ఎన్నో. ఈ విషయం మరచిపోకూడదు. ఈ గృహాల కథలో ప్రభుత్వం ఒక్కటే విలన్ కాదు. కూతురి జీతం ఇంటికి రావాలి, కూతురు మాత్రం సాయంత్రానికల్లా ఇంట్లో ఉండాలి అనుకున్న కుటుంబానికి ఆ గృహం ఒక ఆయుధం అయింది. కొన్నేళ్ల శిక్షణ తర్వాత ఆ పిల్లలను కూడా ఒప్పందం మీద ఊళ్లలోని ఇళ్లకు పనికి పంపారు.

న్యూయార్క్ రాష్ట్రం ఇంకో మెట్టు ఎక్కింది. 1887లో హడ్సన్‌లో తెరిచిన గృహానికి 15 నుంచి 30 ఏళ్ల లోపు మహిళలను పంపేవారు. చిల్లర దొంగతనం, తాగుడు, వీధుల్లో తిరగడం వంటి వాటికి ఐదేళ్ల దాకా ఉంచవచ్చు. అదే పనికి మగవాడు కొద్ది రోజులో నెలలో స్థానిక జైలులో గడిపి బయటపడేవాడు. పీటా చట్టంలో కనిపించిన లెక్క అప్పటికే అక్కడ ఉంది.

అదే రాష్ట్రంలో 1901లో తెరిచిన బెడ్‌ఫర్డ్ గృహాన్ని క్యాథరిన్ బెమెంట్ డేవిస్ అనే విద్యావంతురాలు నడిపింది. ఆమెకు నిజంగానే ఆశయం ఉంది. తోటపని, చదువు, సంగీతం, ఆరుబయట శారీరక శ్రమ ఏర్పాటు చేసింది. కానీ అమ్మాయి ఎప్పుడు బయటికి వెళ్లాలన్నది అధికారుల అంచనా మీదే ఆధారపడింది. 1912లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో అక్కడ ఒక ప్రయోగశాల పెట్టి అమ్మాయిల తెలివితేటలు కొలవడం మొదలుపెట్టారు. కుట్టు కర్మాగారాల్లో, దుకాణాల్లో, ఇళ్లలో పనిచేసే అమ్మాయి రాత్రి నాట్యశాలకు వెళ్లడం మందబుద్ధికి గుర్తా, వారసత్వ దోషమా అని శాస్త్రం పేరిట చర్చించారు. ఆమె వారం కూలి ఎంత, ఆ కూలితో గది అద్దె కట్టగలదా అన్న ప్రశ్న ఆ చర్చల్లో వెనక్కి పోయింది. డేవిస్ వెళ్లిపోయిన కొన్నేళ్లకు, 1919-20 ప్రాంతంలో, అదే సంస్థలో అమ్మాయిలను సంకెళ్లతో వేలాడదీసి శిక్షిస్తున్నారని విచారణలో తేలింది. ఆశయం గల మనిషి ఉన్నంత కాలమే ఆశయం నిలిచింది. తాళం మాత్రం ఎవరు వచ్చినా పనిచేసింది.

నల్లజాతి అమ్మాయిలకు ఈ గృహాల్లో కూడా వేరు గదులు. ప్రపంచ ప్రసిద్ధ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1930లలో హడ్సన్ బాలికల శిక్షణ పాఠశాలలో కొంతకాలం ఉంది. ఆ బడి గాయక బృందంలో నల్లపిల్లలకు చోటు లేదు. ఆస్ట్రేలియాలో పారమట్టా బాలికల గృహం 1887 నుంచి 1974 దాకా నడిచింది. అక్కడికి పిల్లలను పంపడానికి ‘నైతిక ప్రమాదంలో ఉంది’ అన్న ఒక్క అభియోగం చాలేది. ప్రమాదం తెచ్చిపెట్టినవాడి పేరు ఆ ఉత్తర్వులో ఉండనక్కర్లేదు.

గడీ గోడ నుంచి స్టేట్ హోమ్ దాకా

బ్రిటిష్ ఇండియాలో ఈ ఆలోచన మొదట సైనిక అవసరంగా దిగింది. 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద కంటోన్మెంట్ల చుట్టుపక్కల వేశ్యలుగా నమోదైన స్త్రీలకు నిర్బంధ వైద్య పరీక్షలు జరిగేవి. సుఖవ్యాధి ఉందంటే లాక్ హాస్పిటళ్లలో తగ్గేదాకా ఉంచేవారు. సికింద్రాబాద్ కంటోన్మెంటుకూ ఈ లాక్ హాస్పిటల్ ఏర్పాటు ఉండేది. ఈ చట్టం 1888లో రద్దయింది. మరోవైపు 1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టం 15 ఏళ్ల లోపు మగపిల్లలకే పరిమితం. ఆడపిల్లను బాగుచేసే బాధ్యతను ప్రభుత్వం మిషనరీలకు, సంఘ సంస్కర్తలకు వదిలేసింది. కోస్తాలో, మద్రాసులో ఆ పని సాగింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతువులకు ఆశ్రయం కల్పించారు. దేవదాసీ కుటుంబాల నుంచి బయటపడి వచ్చిన అమ్మాయిలకు మద్రాసులో ముత్తులక్ష్మీ రెడ్డి అవ్వై హోమ్ ద్వారా చోటిచ్చారు. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది, అది నిజాం రాజ్యానికి వర్తించదు.

నిజాం పాలనలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అప్పుడు పేదింటి ఆడపిల్లను బంధించిన గోడ వేరే. అది గడీ గోడ. దొరల ఇళ్లలో ఆడబాపలు ఉండేవారు. దొర కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు సామానుతో పాటు ఆడబాపను కూడా వెంట పంపేవారు. ఇంటి చాకిరీ ఆమెదే, దొర కోరిక తీర్చడమూ ఆమె మీదే పడేది. ఆమెకు కూలి లేదు, పెళ్లి లేదు, వెళ్లిపోయే హక్కు లేదు. ఇంత జరుగుతున్నా ఆమెను ‘రక్షించడానికి’ ఏ సంస్కరణ గృహమూ రాలేదు, ఎందుకంటే ఆమె ఒక యజమాని అదుపులో ఉంది. సంస్కరణ గృహాలకు కనిపించేది ఎవరి అదుపులోనూ లేని పిల్ల మాత్రమే. వెట్టికి, గడీ పెత్తనానికి వ్యతిరేకంగా 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఈ గోడను బద్దలుకొట్టింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని జనగామ ప్రాంతంలో చాకలి కులానికి చెందిన ఐలమ్మ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడింది. ఐలమ్మ కోరింది పండిన పంట తన ఇంటికి చేరాలని. తనను సంస్కరించమని ఎవరినీ అడగలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ డిసెంబరు 30న స్త్రీలు, బాలికల అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చింది; నేటి పీటా దాని సవరించిన రూపమే. 1950 మేలో న్యూయార్క్‌లో సంతకం చేసిన అంతర్జాతీయ ఒప్పందం ఆ చట్టానికి మూలం. అదే కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వాన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, సంస్థల నుంచి బయటికి వచ్చే మహిళల కోసం, వ్యభిచారం నుంచి తప్పించినవారి కోసం గృహాలు ఉండాలని కమిటీల ద్వారా ప్రతిపాదించింది. దేశమంతటా స్టేట్ హోమ్‌లు, రెస్క్యూ హోమ్‌లు అలా వచ్చాయి. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని స్టేట్ హోమ్ ఎంతగా స్థిరపడిందంటే, ఆ పేరుతో బస్‌స్టాప్ ఉందని తప్ప లోపల ఏముందో ఎరగని నగరవాసులు చాలామంది. బాలికలకు నింబోలిఅడ్డలో మరో గృహం. దక్షిణ తెలంగాణ నుంచి ఏ అమ్మాయిని ‘హోమ్‌కు పంపారు’ అన్నా చాలాకాలం అది హైదరాబాద్ ప్రయాణమే. నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు నగరం వంద కిలోమీటర్ల దూరం. నారాయణపేట నుంచైతే ఇంకా ఎక్కువ. కూతురిని చూసి రావాలంటే తల్లికి ఒక రోజు కూలి పోయేది, బస్సు చార్జీలు అదనం.

లోపల ఏం నేర్పారు? కుట్టుమిషన్, ఎంబ్రాయిడరీ, కొవ్వొత్తులు, అప్పడాలు. ఆమ్‌స్టర్‌డాం నుంచి హైదరాబాద్ దాకా దారం మాత్రం తెగలేదు. పెళ్లి చేసి పంపడాన్ని కూడా పునరావాసంగా లెక్కించడం దేశమంతటా జరిగింది. వరుడి దరఖాస్తు, ఉద్యోగం విచారించి గృహంలోనే తాళి కట్టించేవారు. కొందరి జీవితాలు వాటివల్ల నిలబడ్డాయి, కాదనలేం. అయినా సొంత కూలితో బతకగలిగే దారి కంటే మరో సంరక్షకుడి చేతికి అప్పగించే దారి ప్రభుత్వానికి సులువుగా తోచింది.

ఎవరికి అప్పగించాలి?

పీటా చట్టంలో అంతగా చర్చకు రాని భాగం 17వ సెక్షన్. దాడిలో దొరికిన మహిళ నిందితురాలు కానక్కర్లేదు, బాధితురాలే కావచ్చు. ఆమెకు సంరక్షణ అవసరమని మేజిస్ట్రేట్ విచారణలో తేలితే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచమని ఆదేశించవచ్చు. అప్పగించాలనుకుంటే 17ఏ ప్రకారం తల్లిదండ్రులు, సంరక్షకుడు లేదా భర్త నిజమైనవారేనా, ఆమెను చూసుకోగలరా అన్న విచారణ జరగాలి. అక్రమ రవాణా ముఠాలు తండ్రినంటూ, మొగుడినంటూ వచ్చి తీసుకుపోకుండా ఈ జాగ్రత్త పెట్టారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ మహిళ తన కాళ్ల మీద తాను వెళ్లిపోతానంటే ఏమిటన్న ఊహ అందులో లేదు.

పాలమూరు వలస కుటుంబాన్ని ఈ నిబంధన ముందు నిలబెట్టి చూడాలి. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి తల్లిదండ్రులు ముంబైలోనో పుణెలోనో తట్టలు మోస్తుంటారు. ఇంటి దగ్గర ముసలి అవ్వ, తాళం వేసిన గుడిసె. విచారణ అధికారి ఊరికి వెళ్తే ఎవరితో మాట్లాడాలి? రేషన్ కార్డులో అమ్మాయి పేరు లేకపోవచ్చు, పెళ్లికి రిజిస్ట్రేషన్ ఉండదు. స్థిరమైన ఇల్లు, స్థిరమైన తండ్రి, కాగితాల మీద భర్త ఉన్నవారికి ఈ చట్టం తలుపు తెరుస్తుంది. పేదరికం వల్లే అవి లేనివారికి అదే పేదరికం మీద గడువు పొడిగిస్తుంది.

కుటుంబమే అమ్మాయిని అక్కడికి చేర్చిన చోట చిక్కు ఇంకా పెద్దది. మహబూబ్‌నగర్ పడమటి ప్రాంతంలో, ఊట్కూరు, మక్తల్, నారాయణపేట చుట్టుపక్కల, దళిత కుటుంబాల ఆడపిల్లలను జోగినులుగా దేవతకు విడిచే ఆచారం ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1988లో దాన్ని చట్టంతో నిషేధించింది. జోగినిగా మారిన మహిళ ఏ ఇంటి నుంచీ పారిపోలేదు. ఊరి పెద్దల ముందే, కన్నవారి చేతుల మీదుగానే ఆ బతుకులోకి వెళ్లింది. ఆమెను కుటుంబానికి తిరిగి అప్పగించడమన్న మాటకు అర్థం లేదు. ఆ ప్రాంతంలో జోగిని బతుకు నుంచి బయటికి వచ్చిన మహిళలే ముందుండి అడిగినవి గమనించదగ్గవి: సాగు భూమి, పింఛను, పిల్లల బడి రికార్డుల్లో తండ్రి పేరు కోసం వేధించకపోవడం. గృహంలో చోటు ఆ జాబితాలో పైన లేదు.

యాదగిరిగుట్ట ఉదంతం దీనికి పూర్తి భిన్నమైనది, నిష్ఠూరమైనది కూడా. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో భాగమై 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లిన ఈ పుణ్యక్షేత్రంలో 2018 జులై చివర రాచకొండ పోలీసులు వ్యభిచార గృహాల మీద దాడులు చేసి పదిమందికి పైగా చిన్నపిల్లలను బయటికి తెచ్చారు. కొందరు ఏడేళ్లు కూడా దాటనివారు. త్వరగా ఎదగడానికి హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణలు దేశాన్ని కుదిపేశాయి. ఇలాంటి చోట ‘ఇంటికి పంపండి’ అనడం ఎవరి తరమూ కాదు. పిల్లల్ని ఆ ఇంటి నుంచి దూరంగా, భద్రంగా పెంచే చోటు కచ్చితంగా కావాలి. సంస్కరణ గృహాలను విమర్శించేవారు ఈ పిల్లలను దాటుకుపోకూడదు. కాకపోతే ఏడేళ్ల పాపకు, తన ఇష్టాయిష్టాలు చెప్పగల ఇరవై ఏళ్ల మహిళకు ఒకే రకం గోడ, ఒకే రకం రిజిస్టరు సరిపోతాయనుకోవడం వేరే సంగతి.

భద్రత పేరుతో ఉన్న చోటు భద్రంగా ఉందన్న హామీ కూడా లేదు. ఆగ్రా రక్షణ గృహంలోని దుస్థితి గురించి ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు 1981లో సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. గౌరవంగా జీవించే హక్కు అక్కడి మహిళలకూ ఉందని కోర్టు ఆ లేఖనే పిటిషనుగా తీసుకుని ఏళ్ల తరబడి పర్యవేక్షించింది. మళ్లీ 2018లో బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహంలో జరిగిన లైంగిక హింస ఒక సామాజిక తనిఖీ వల్ల బయటపడింది. రెండు చోట్లా లోపలివారి గొంతు గేటు దాటడానికి బయటి మనిషి రావలసి వచ్చింది. రెస్క్యూ హోమ్‌ల నుంచి మహిళలు గోడ దూకి వెళ్లిపోయారన్న వార్తలు మన రాష్ట్రంలో కూడా అడపాదడపా వస్తుంటాయి. అలాంటి ప్రతిసారి గోడ ఎత్తు పెంచడం గురించి మాట్లాడతారు. రక్షణ పొందినవారు ఎందుకు దూకారన్న విచారణ అంత ఊపుగా సాగదు.

మగపిల్లలకు గురుకులం

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో దేశం గుర్తించిన ఒక ప్రయోగం మొదలైంది. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు చొరవతో, మద్ది నారాయణరెడ్డి ఇచ్చిన భూమిలో గురుకుల పాఠశాల తెరిచారు. గ్రామీణ పేదపిల్లలకు ఉచిత వసతి, ఉత్తమ బోధన. తర్వాతి గురుకులాలకు, ఒక రకంగా నవోదయ విద్యాలయాలకు కూడా, అది ఆదర్శమైంది. అది మగపిల్లల బడి. అదే ఏళ్లలో అదే జిల్లా పేదింటి ఆడపిల్లకు ప్రభుత్వం ఇవ్వగలిగిన వసతి ఎక్కువగా సంక్షేమ హాస్టలు, లేదంటే ఏదైనా ‘జరిగిన’ తర్వాత హోమ్. మగపిల్లవాడికి ముందుగా వసతి, ఆడపిల్లకు ఆలస్యంగా సంస్కరణ.

ఆ తేడాను చెరిపే ప్రయత్నం 1990లలో కూలి చేసే పిల్లల దిశ నుంచి వచ్చింది. గద్వాల ప్రాంతంలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలల్లో క్రాసింగ్ పని ఆడపిల్లల మీదే నడిచేది. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేయాలి, మరునాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. పిల్లల వేళ్లు సున్నితమని ఒక సాకు. అడ్వాన్సు తల్లిదండ్రుల చేతికి ముందే అందడం, కూలి తక్కువ కావడం అసలు కారణాలు. శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన బ్రిడ్జి క్యాంపుల పద్ధతి ఇలాంటి పిల్లలకు దారి చూపింది. పని మాన్పించిన పిల్లను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం దాని సారం. 2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను ప్రారంభించింది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ అక్షరాస్యత, సుమారు 55 శాతం, మహబూబ్‌నగర్‌దే. ఈ బడుల అవసరం ఎంతో ఆ అంకె చెబుతుంది.

శిబిరం, సంస్కరణ గృహం రెండూ ఇంటికి దూరంగా ఆడపిల్లలను ఉంచేవే. అక్కడితో పోలిక ఆగిపోతుంది. శిబిరానికి వచ్చిన పిల్ల మీద అభియోగం లేదు. ఆమె పాత జీవితంలో తప్పు పట్టింది ఆమెను కాదు, విత్తన చేను యజమానిని, అడ్వాన్సు ఇచ్చిన ఆర్గనైజర్‌ను. తల్లిదండ్రులతో బేరమాడింది ఊళ్లోనే, అందరి ముందూ. చదువు నచ్చక వెళ్లిపోతే వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది టీచరు, పోలీసు కాదు.

అయినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. 1986 నాటి బాల న్యాయ చట్టంలో మగపిల్లవాడికి 16 ఏళ్లకు బాల్యం ముగిస్తే ఆడపిల్లకు 18కి ముగిసేది. రక్షణ ఎక్కువ కాలం అన్నమాట, నిర్బంధమూ అంతే. పిల్ల మా అదుపులో లేదని తల్లిదండ్రులే ఫిర్యాదు చేసే వీలును కూడా ఆ చట్టం ఇచ్చింది. లాంకాస్టర్‌లోని మొండి అమ్మాయి నూట ముప్పై ఏళ్ల తర్వాత మన చట్టంలో కనిపిస్తుంది. 2000 నాటి చట్టం వయసు తేడాను తొలగించింది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం తర్వాత కొత్త గుంపు ఒకటి హోమ్‌లకు చేరుతోంది. పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడిన అబ్బాయితో వెళ్లిపోతుంది, తండ్రి కేసు పెడతాడు, అబ్బాయి జైలుకు వెళ్తాడు. అమ్మాయి ఇంటికి వెళ్లనంటే బాలల సంక్షేమ సమితి ఆమెను బాలసదనానికో మరో గృహానికో పంపుతుంది. వెళ్లననడానికి ఆమెకు కారణాలు ఉంటాయి: వెంటనే మేనమామతో పెళ్లి, తన్నులు, కులం వేరైతే ప్రాణభయం. గృహం ఆమె ప్రాణం కాపాడుతుంది. అదే సమయంలో మనసు మార్చుకుని తండ్రి వెంట వెళ్తానని ఒప్పుకునే దాకా ఎదురుచూసే చోటుగా కూడా మారుతుంది.

సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఆదేశాల్లో రాష్ట్రాలు తమ రక్షణ గృహాలన్నింటినీ సర్వే చేసి, ఇష్టానికి విరుద్ధంగా ఉంచిన వయోజన మహిళల కేసులు సమీక్షించి నిర్ణీత కాలంలో విడుదల చేయాలని ఉంది. స్వధార్, ఉజ్జ్వల పథకాల కింది గృహాలు అదే ఏడాది శక్తి సదన్‌లుగా పేరు మార్చుకున్నాయి. 10ఏ సెక్షన్ మాత్రం రెండేళ్ల కనిష్ఠ గడువుతో సహా చట్టంలో అలాగే ఉంది. ఇక మైనర్లకు సుప్రీంకోర్టు ఆదేశం వర్తించదు. గృహంలో పెరిగిన అమ్మాయి 18 నిండగానే బయటికి రావాలి. ఆ తర్వాతి సంరక్షణ కింద కేంద్ర పథకం మిషన్ వాత్సల్య నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చంటుంది. హైదరాబాద్‌లో మహిళల హాస్టల్‌లో ఒక మంచానికి అద్దె, రెండు పూటల భోజనం కట్టేసరికే ఆ సొమ్ములో దాదాపు ఏమీ మిగలదు. దక్షిణ తెలంగాణలో ఆమె వెనక్కి వెళ్లగల ఊరు ఉంటే, అది సాధారణంగా ఆమె ఏ ఇంటి నుంచి తప్పించుకుని వచ్చిందో ఆ ఇల్లు ఉన్న ఊరే.